మైదానపు తాళపుచెవి: అల్‌స్టర్ కల్లోలమున గేలిక్ క్రీడలు

1950 ప్రాంతమున ఉత్తర ఐర్లండులోని ఒకానొక పల్లెలో కతోలిక రైతు కుటుంబమున జన్మించి, నడక నేర్చిన కొద్దికాలమునకే చేత ఆటకర్ర పట్టి, యౌవనమున పదునైదు సంవత్సరములు గ్రామపు జట్టున ఆడి, మోకాళ్లు సహకరింపని నాడు బాలురకు ఆట నేర్పుటకు పూనుకొని, పిదప క్లబ్బు కార్యదర్శియై, కోశాధికారియై, తుదకు మైదానమున తెల్లని గీతలు గీయుచు, వలలు కట్టుచు, ఆట ముగిసిన రాత్రి దీపములార్పి వాకిలికి తాళము వేయు వృద్ధుడై నేటికిని జీవించియున్న మనుష్యు నొకనిని భావింతము. నేను చెప్పుచున్నది పేరుగల ఏ వ్యక్తినో కాదు, ఇతడొక కొలబద్ద. ఇట్టివారు ఆ దేశమున ప్రతి పారిష్‌నందును, అనగా ఒక చర్చి పరిధిలోని ఊరియందును, నలుగురైదుగురు కలరు. మన గ్రామములలో దేవాలయపు తాళపుచెవి మొలనూలికి కట్టుకొని, జీతమునకుగాని పేరునకుగాని ఆశింపక, నలువదేండ్లు ధూపదీపములకు లోటు రానీయని పెద్దమనిషి యెవడో, వారి యూళ్లలో వీడు అతడే.

ఈ మనుష్యుని జీవితకాలములో పెద్దభాగము, దాదాపు 3,500 మందిని బలిగొన్న అంతఃకలహము నడుమ గడచినది. అందుచే అతడు జీవితమంతయు సేవించినది ఆటనా, రాజకీయమునా యను ప్రశ్న పుట్టినది. అతడు సేవించిన గేలిక్ క్రీడల సంఘము క్రీడావేషము ధరించిన జాతీయోద్యమమేయని ఒక పక్షము. కేవలము ఆటలాడుకొను అమాయకులను రాజకీయము వెంటాడి వేటాడినదని మరియొక పక్షము. ఈ వాదమునకు సంబంధించిన గ్రంథములును వ్యాసములును చదివినకొలది, రెండు పక్షములును నియమావళిని చూచుచున్నవేగాని మనుష్యుని చూచుటలేదని నాకు తోచినది. నియమములు డబ్లిన్ సభలలో వ్రాయబడెను. వాటి ఫలమును అనుభవించినది రాత్రి పది గంటలకు ఒంటరిగా తాళము వేయువాడు.

గేలిక్ అథ్లెటిక్ అసోసియేషను 1884 నవంబరు 1వ తేదీన టిప్పరెరీ కౌంటీలోని థర్లెస్ పట్టణమున హేస్ హోటలునందు స్థాపితమైనది. మైకేల్ క్యూసాక్ అను ఉపాధ్యాయుడు దానికి మూలపురుషుడు. మారిస్ డేవిన్ ప్రథమాధ్యక్షుడు. ఆర్చిబిషప్పు క్రోక్, రాజకీయనాయకుడు పార్నెల్, రైతు ఉద్యమనేత డేవిట్ అనువారు పోషకులు. మతము, రాజకీయము, రైతు ఉద్యమము, ఈ మూడును తొలినాడే ముంగిటనిలిచి దీవించిన శిశువు తరువాత నేను కేవలము ఆటనే యనుట కొంత హాస్యాస్పదమే. ఐనను ఆనాటి సభయందు మరియొక విశేషము కలదు. హాజరైన ఆ కొలదిమందిలో థామస్ సెయింట్ జార్జ్ మెకార్తీ యను నతడు బ్రిటిషు ప్రభుత్వపు పోలీసుశాఖలో జిల్లా ఇన్‌స్పెక్టరు. అంతేకాక ఐర్లండు పక్షమున రగ్బీ ఆడినవాడు. క్యూసాక్ సైతము క్రికెట్టు, రగ్బీ ఆడినవాడే. ఆ పిమ్మట ఈ సంఘమే పోలీసులను సభ్యత్వమునకు అనర్హులను చేసినది, రగ్బీ ఆడువారిని వెలివేసినది. తన స్థాపకులే తన నియమముల క్రింద నిలువలేని సంస్థ లోకమున అరుదు.

ఆటల స్వరూపము తెలియనివారికి రెండు మాటలు. హర్లింగు అనునది యాష్ అను చెట్టు కర్రతో చేసిన వంపు బ్యాటుతో ఆడునది. దానిని కమాన్ అందురు. చిన్న తోలుబంతిని నేలమీదను, గాలిలోను, చేతిలోను సమానముగా నడపవచ్చును. మన కర్రాబిళ్లలో బిళ్ల గాలికి లేచిన క్షణమున కలుగు ఆ చిన్న భయమును డెబ్బది నిమిషములు సాగదీసినచో హర్లింగు అగును. గేలిక్ ఫుట్‌బాలు చేతులును కాళ్లును రెండును వాడునది. రెంటను జట్టునకు పదునైదుగురు. అడ్డుకర్ర క్రిందుగా వలలోనికి పోయిన గోలు మూడు పాయింట్లకు సమానము, పైగా పోయినది సాధారణముగా ఒక పాయింటు. స్త్రీలాడు హర్లింగునకు కమోగీ యని పేరు. అది 1904 నుండి కలదు. ఎంతటి నిపుణుడైనను జీతము లేదు. డబ్లిన్‌లోని క్రోక్ పార్కు మైదానమున ఎనుబదివేల మంది యెదుట ఆడిన వీరుడు సోమవారమునాడు పాఠశాలలోనో, ఇటుకల పనిలోనో కనబడును. ఆటగాడు తాను పుట్టిన పారిష్ తరఫుననే ఆడవలెను. ఊరు మారుటన్నచో ఇల్లు మారినంత పని.

ఈ చివరి మాటలోనే సర్వమును ఇమిడియున్నది. క్లబ్బు అనగా ఊరు. ఊరనగా, ఆ దేశపు మతవిభజనమున, తరచుగా ఒక మతమునకు చెందిన జనము. క్లబ్బునకు చందా ఇచ్చినవాడు, దుస్తులుతికిన తల్లి, బస్సు నడపిన మేనమామ, అందరును అదే చర్చికి పోవువారు. కావుననే కల్లోలకాలమున ఆ మైదానమును కాల్చినవాడు గోలుస్తంభములను మాత్రమే కాల్చుచున్నానని అనుకొనలేదు.

డబ్లిన్‌లోని క్రోక్ పార్కును సంఘము 1913లో కొన్నది. తరువాత భారత రాష్ట్రపతియైన మన వి.వి.గిరి న్యాయశాస్త్ర విద్యార్థిగా డబ్లిన్ చేరినదియు ఆ సంవత్సరమే. బ్రిటిషు పాలనపై లేచిన 1916 తిరుగుబాటు అనంతరము ఆయన ఆ దేశము విడువవలసి వచ్చినది. ఆ తిరుగుబాటు తరువాత ప్రభుత్వము ఆటలకు సైతము అనుమతిపత్రము కావలెనని శాసింపగా, 1918 ఆగస్టు 4వ తేదీ ఆదివారమున దేశమంతట ఒకే సమయమున వందలకొలది మ్యాచులు అనుమతి లేకయే ఆడి సంఘము జవాబు చెప్పినది. తుపాకి లేని ధిక్కారమునకు ఇంతకంటె మనోహరమైన ఉదాహరణము నాకు తోచదు. కాని రెండేండ్లకే, 1920 నవంబరు 21న, ఆ ఉదయము డబ్లిన్‌లో బ్రిటిషు గూఢచారులను ఐరిష్ విప్లవకారులు హతమార్చుటకు ప్రతీకారమా యనునట్లు, బ్రిటిషు బలగములు క్రోక్ పార్కులో జొరబడి, డబ్లిన్, టిప్పరెరీ జట్ల ఆట జరుగుచుండగా కాల్పులు జరిపినవి. పదునలుగురు మరణించిరి. వారిలో ముగ్గురు బాలురు; ఒకడు టిప్పరెరీ ఆటగాడు మైకేల్ హోగన్. విజేతలు కప్పు అందుకొను వేదికకు నేటికిని అతని పేరే. ఏటేట విజయోత్సవము ఒక హతుని పేరుతో జరుగుచుండగా, ఆ సంఘమును చరిత్ర మరచిపొమ్మనుట వట్టి మాట.

1921లో దేశము విభక్తమైనది. ఆంట్రిమ్, ఆర్మా, డెరీ, డౌన్, ఫర్మానా, టిరోన్ అను ఆరు కౌంటీలు బ్రిటిషు ఏలుబడిలో నిలిచినవి. సంఘము మాత్రము ఆ సరిహద్దును గుర్తింపలేదు. దాని పటమున ముప్పదిరెండు కౌంటీలు, నాలుగు ప్రాంతములు, ఒకే దేశము. ఆ నాల్గింట ఉత్తరపుదైన అల్‌స్టర్ ప్రాంతపు పోటీలలో సరిహద్దునకు ఈవలనున్న టిరోన్ ఆవలనున్న డొనెగల్‌తో ఆడుటకు పాస్‌పోర్టు అక్కరలేదు. ఉత్తరమున అల్పసంఖ్యాకులైన కతోలికులకు, ఉద్యోగమునందును గృహవసతియందును వోటునందును వివక్షకు గురియైనవారికి, ఆదివారము మధ్యాహ్నపు రెండు గంటలపాటు తాము మొత్తము దేశమునకు పౌరులమని తోచెడిది. ఈ ఊరట నిజమైనది. దాని వెల మాత్రము పొరుగింటి ప్రొటెస్టెంటు చెల్లించినాడు: తాను పుట్టిన నేలపై తనకు చోటులేని దేశమొకటి ప్రతి ఆదివారము తన కిటికీ ముందు వెలయుచుండుట అతడు చూచెడివాడు.

నిషేధములను గురించి చెప్పవలెనన్నచో ఒక సంపుటమే కావలెను. నేను త్వరితముగా దాటెదను. 27వ నియమము సాకర్ ఫుట్‌బాలు, రగ్బీ, హాకీ, క్రికెట్టు అను విదేశీయ క్రీడలు ఆడుటనే కాక చూచుటను సైతము దోషముగా నెంచినది. 1938లో డగ్లస్ హైడ్, ఐరిష్ భాషా పునరుజ్జీవనమునకు పితామహుడు, దేశ ప్రథమాధ్యక్షుడు, ఒక అంతర్జాతీయ సాకర్ ఆటకు అధ్యక్షహోదాలో హాజరైనందులకు సంఘపు పోషకపదవినుండి తొలగింపబడినాడు. ప్రొటెస్టెంటు పురోహితుని కుమారుడైన హైడ్‌కంటె ఐరిష్‌తనమునకు సాక్షి మరియెవడు? అట్టివానిని వెలివేసిన నియమము తనను తానే అపహాస్యము చేసికొన్నది. 1971 ఏప్రిలులో, బెల్‌ఫాస్టున జరిగిన సభలో, అది తొలగినది. అదే సంవత్సరము ఆగస్టున ఉత్తర ప్రభుత్వము విచారణలేని నిర్బంధమును ప్రవేశపెట్టినది. ఒక తలుపు తెరచుకొన్న నాలుగు నెలలకు వేరొకటి మూసికొన్నది.

మన మనుష్యుడు అప్పటికి ఇరువదియొక్క యేండ్ల వాడు. అతని పదవయేట, 1960లో, డౌన్ కౌంటీ జట్టు బలిష్ఠమైన కెర్రీని ఓడించి, అఖిల ఐర్లండు గేలిక్ ఫుట్‌బాలు విజేతలకిచ్చు శాం మగ్వైర్ కప్పును మొట్టమొదటిసారి సరిహద్దు దాటించి ఉత్తరమునకు తెచ్చెను. మరుసటియేట ఆ జట్టే మరల గెలిచిన తుదియాటను 90,556 మంది చూచిరి. క్రోక్ పార్కు చరిత్రమున ఆ సంఖ్యను ఏ ఆటయు దాటలేదు. కప్పుపేరులోని శాం మగ్వైర్ కార్క్ కౌంటీలో పుట్టిన ప్రొటెస్టెంటు అని ఆనాటి బాలురలో ఎందరికి తెలియునో చెప్పలేను. 1968లో డౌన్ మూడవసారి గెలిచినది సెప్టెంబరున. డెరీ వీథులలో పౌరహక్కుల ఊరేగింపుపై పోలీసు లాఠీలు పడినది అక్టోబరు 5న. ఆ తరువాతి ఇరువదిమూడేండ్లు ఆరు కౌంటీలలో ఒక్కటియు ఆ కప్పును చేజిక్కించుకొనలేదు. దీనికి కల్లోలమే ఏకైక కారణమని నేను వాదింపను. కెర్రీ, డబ్లిన్ జట్లు ఆ కాలమున అసాధారణములు. కాని అభ్యాసమునకు పోవు యువకుడు దారిలో రెండుచోట్ల నిలుపబడి, సంచిలోని దుస్తులు రోడ్డుమీద కుమ్మరింపబడి, కర్రను ఆయుధమని ప్రశ్నింపబడి, గంట ఆలస్యముగా మైదానము చేరుట వారమునకొకసారి జరిగినచో ఆటమీద దాని ముద్ర పడకమానదు.

సైన్యమునకును మైదానమునకును గల సంబంధమును చూపుటకు దక్షిణ ఆర్మాలోని క్రాస్‌మగ్లెన్ చాలును. అచ్చటి రేంజర్స్ క్లబ్బు మైదానమును ఆనుకొని 1970వ దశకపు తొలినాళ్లలో బ్రిటిషు సైన్యము స్థావరమేర్పరచుకొని, క్లబ్బు భూమిలో కొంతభాగమును వశపరచుకొన్నది. ఆట జరుగుచుండగా హెలికాప్టరు తలపై దిగుట, బంతి స్థావరపు గోడదాటి పోయినచో తిరిగిరాకుండుట అచ్చట మామూలు సంగతులు. సైన్యమువారు చెప్పిన కారణమును ఇచ్చట పేర్కొనుట న్యాయము: ఆ ఊరి పరిసరములలో ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ (ఐ.ఆర్.ఏ.) యను సాయుధ సంస్థవారిచేత సైనికులు అనేకులు హతులైరి. నేలమార్గమున పోవుట ప్రమాదమగుటచే వారికి ఆకాశమే దారియైనది. న్యాయము చెప్పిన తరువాత మిగులునది ఇది: ఆ గోడ నీడలో పెరిగిన పిల్లలు 1997, 1999, 2000 సంవత్సరములలో, స్థావరము ఇంకను ప్రక్కననే యుండగా, అఖిల ఐర్లండు క్లబ్బు పోటీలో గెలిచిరి, 2007, 2011, 2012లలో మరల గెలిచిరి. స్థావరము 2007లో మూతపడినది. పగ మనుష్యులను ఆటలో మేటి చేయునని చెప్పుట తేలిక, నేను నమ్మను. ఆ ఊరికి వేరొక వినోదము లేదనుట సత్యమునకు దగ్గర.

బెల్‌ఫాస్టున 1953లో తెరువబడిన కేస్‌మెంట్ పార్కును 1972లో సైన్యము ఆక్రమించుకొన్నది. 1988 మార్చి 19న ఐ.ఆర్.ఏ. వాని శవయాత్రలోనికి కారు నడపుకొనివచ్చిన ఇద్దరు బ్రిటిషు సైనికులను గుంపు పట్టుకొని, ఆ మైదానములోనికే యీడ్చుకొనిపోయి కొట్టినది. పిదప సమీపపు బయలున ఐ.ఆర్.ఏ. వారు వారిని కాల్చిచంపిరి. అంతకుముందు నెలరోజుల లోపుననే, ఫిబ్రవరి 21న, ఏడన్ మెకనెస్పీ యను ఇరువదిమూడేండ్ల యువకుడు టిరోన్‌లోని తన క్లబ్బు మైదానమునకు నడచిపోవుచు, ఆక్నక్లోయ్ తనిఖీద్వారమును దాటినంతనే వెనుకనుండి సైనికుని తూటాకు కూలినాడు. తడిచేతివ్రేలు జారినదని సైనికుని మాట. ముప్పదినాలుగేండ్ల పిమ్మట, 2022లో, న్యాయస్థానము ఆ సైనికుని నిర్లక్ష్యపు నరహత్యకు దోషియని తీర్పుచెప్పి, తదుపరి సంవత్సరము విధించిన శిక్షను అమలుకాకుండ నిలిపియుంచినది. ఈ రెండు ఘటనలలో ఒక దానిని చెప్పి రెండవదానిని విడుచు చరిత్రకారులు ఉభయపక్షములను కలరు. ఒక మైదానము దారి మృత్యుద్వారమైనది. మరియొక మైదానము మృత్యువునకు మజిలీయైనది. రెండును ఒకే శీతకాలపు కథలు.

సంఘము బయటివారిచేతనే కాదు, లోపలివారిచేతను చీలికలు పడినది. 1972లో డెరీ పదునారేండ్లలోపు హర్లింగు జట్టును అఖిల ఐర్లండు విజయమునకు నడపిన నాయకుడు కెవిన్ లించ్; తరువాత ఐ.ఎన్.ఎల్.ఏ. యను సాయుధ సంస్థలో చేరి, చెరలో 1981 ఆగస్టు 1న డెబ్బదియొక్క దినముల నిరాహారదీక్ష అనంతరము ప్రాణము విడిచెను. అతని డంగివెన్ పట్టణపు హర్లింగు క్లబ్బు అతని పేరు పెట్టుకొన్నది. తమతో ఆడిన బాలుని పేరును క్లబ్బునకు పెట్టిన స్నేహితుల దుఃఖము నాకర్థమగును. ఆ సంస్థ బాంబులకు తండ్రిని పోగొట్టుకొన్న ప్రొటెస్టెంటు బిడ్డ ఆ పేరును వార్తాపత్రిక క్రీడాపుటలో వారమువారము చదువుటయు నాకర్థమగును. పార్టీరాజకీయములకు దూరముగా నుందునని వ్రాసికొన్న సంఘము ఆ వేసవిలో నిలుచుటకు చోటులేక తడబడినది. దక్షిణపు సభ్యులు మౌనము కోరిరి, ఉత్తరపు సభ్యులు అది ద్రోహమనిరి. మన కొలబద్ద మనుష్యుడు, నాకు తోచినంతవరకు, నల్లజెండా కట్టిన స్తంభము క్రిందనే పిల్లలకు బంతి అందించియుండును.

బ్రిటనుతో ఐక్యతను కోరు యూనియనిస్టుల అభియోగమును తేలికగా త్రోసిపుచ్చరాదు. ఆదివారమున ఆడుట వారి విశ్రాంతిదిన నిష్ఠకు విరుద్ధము. మైదానములకును కప్పులకును తిరుగుబాటుదారుల పేర్లు. ఆటకు ముందు త్రివర్ణ పతాకము, దక్షిణపు జాతీయగీతము. అన్నిటికిని మించి 21వ నియమము. దాని ప్రకారము బ్రిటిషు సైనికుడుగాని ఉత్తరపు పోలీసుగాని సభ్యుడు కారాదు. తన కుమారుడు పోలీసైన తల్లి, ఆ నియమమును శత్రుత్వ ప్రకటనగా కాక మరియెట్లు చదువగలదు? పేర్ల విషయమున మాత్రము ఒక విచిత్రము కలదు. ఆ తిరుగుబాటుదారులలో వుల్ఫ్ టోన్ ప్రొటెస్టెంటు. కేస్‌మెంట్ ప్రొటెస్టెంటుగా పెరిగినవాడు. 1994లో సంఘమునకు అధ్యక్షుడైన జాక్ బూత్‌మన్ ప్రొటెస్టెంటు. ఈ వాస్తవములను సంఘమువారు తరచు కవచమువలె ఎత్తిచూపుదురు. కాని చనిపోయిన ప్రొటెస్టెంట్లను పూజించుట సులభము; బ్రతికియున్న పొరుగువానిని ఆదివారపు ఆటకు పిలుచుట కష్టము.

అభియోగము వేరు, తూటా వేరు. 1991లో యు.డి.ఏ. యను, బ్రిటిషు రాజ్యమునకు నిబద్ధులైన లాయలిస్టుల సాయుధ సంస్థ గేలిక్ సంఘము వారిని దాడికి తగిన లక్ష్యములుగా ప్రకటించినది. అంతకు ముందును తరువాతను క్లబ్బు భవనములు తగులబడుచునే యుండెను. బెల్‌ఫాస్టు ఉత్తరపు అంచునగల సెయింట్ ఎండా క్లబ్బు సభ్యులు ఐదుగురు హతులైరి. ఐనను ఈ సమస్త ప్రశ్నమును ఒక్కచోట చూడవలెనన్నచో నేను బెలాహీకి పోవుదును.

బెలాహీ డెరీ కౌంటీలోని చిన్న ఊరు. 1995లో నోబెల్ పురస్కారము పొందిన కవి షేమస్ హీనీ పెరిగిన ప్రాంతము. 1993లో డెరీ కార్క్‌ను ఓడించి మొట్టమొదటిసారి శాం మగ్వైర్ కప్పును గెలిచినప్పుడు పండుగ చేసికొన్న ఊళ్లలో ఒకటి. అచ్చటి వుల్ఫ్ టోన్స్ క్లబ్బునకు అధ్యక్షుడు షాన్ బ్రౌన్. అరువదియొక్క యేండ్ల వాడు, ఆరుగురు బిడ్డల తండ్రి, వృత్తివిద్య బోధకుడు. ఏ సాయుధ సంస్థతోను సంబంధము లేనివాడు, ఉభయమతములవారును ఎరిగినవాడు. 1997 మే 12 రాత్రి క్లబ్బు సమావేశము ముగిసి, అందరును వెడలిన పిదప, అధ్యక్షుడు గనుక వాకిలికి తాళము వేయుటకు అతడు నిలిచినాడు. లాయలిస్టు హంతకులు అతనిని అచ్చటనే పట్టుకొని, కొట్టి, అతని కారులోనే కొనిపోయి, రాండల్స్‌టౌన్ సమీపమున కాల్చిచంపిరి. కాల్పులవిరమణకును, శాంతి ఒప్పందమునకును దేశము చేయిచాచుచున్న కాలమది. ఒప్పందము కుదిరినది పదకొండు నెలల తరువాతనే.

హీనీ ఆ సమయమున గ్రీసుదేశమున, ఒలింపిక్ క్రీడలు పుట్టిన ఒలింపియాలో నుండెను. వార్త విని పత్రికకు లేఖ వ్రాసెను. తరువాత ఒక కవితలో ఆ హత్యను స్మరించెను. ప్రాచీన గ్రీకులు క్రీడల కాలమున యుద్ధము నిలిపెడివారు. తన ఊరి మైదానపు వాకిలి యుద్ధమునకు ఆగలేదన్న సంగతి కవికి ఆ పుణ్యస్థలమున తెలియుట కల్పించినచో అతిశయోక్తి యనిపించును. జరిగినది కావున మాటలు రావు.

హంతకులెవ్వరును శిక్షింపబడలేదు. 2024లో విచారణ జరుపుచున్న కరోనరు, రహస్యపత్రములను ప్రభుత్వము మరుగుపరచుటచే విచారణ సాగదని చెప్పి నిలిపివేసెను; ఆ హత్యతో సంబంధముగల వారిగా గూఢచారి పత్రములలో ఇరువదియైదు మందికి పైగా పేర్కొనబడిరనియు, వారిలో కొందరు ప్రభుత్వమునకు వేగులనియు ఆ సందర్భమున వెల్లడియైనది. ఈ ఒక్క వాకిలి కథయందు, సంఘము రాజకీయసంస్థయా కాదా యను వాదము నాకు పలుచనైపోవును. షాన్ బ్రౌన్ చేసిన రాజకీయము తాళము వేయుట.

నాలుగేండ్లకు, 2001 నవంబరు 17న, డబ్లిన్‌లో జరిగిన ప్రత్యేక సభలో 21వ నియమము తొలగినది. పాత పోలీసుశాఖ స్థానమున ఆ నెలలోనే కొత్తది వెలసియుండెను. దక్షిణపు కౌంటీలు తొలగింపునకు అనుకూలించినవి; ఆరు ఉత్తర కౌంటీలలో డౌన్ తప్ప తక్కిన ఐదును వ్యతిరేకించినవి. దీనిని చూచి డబ్లిన్ పత్రికలు ఉత్తరవాసుల సంకుచితత్వమని వ్రాసినచో నేను ఒప్పుకొనను. తనిఖీద్వారమున సంచి కుమ్మరింపబడినవాడు, తన అధ్యక్షుని శవమును మోసినవాడు, నూటయేబది మైళ్ల దూరమున కూర్చుండి క్షమించువానికంటె నిదానముగా క్షమించును. మన మనుష్యుడు ఆ సభకు ప్రతినిధియైనచో వ్యతిరేకముగానే వోటు వేసియుండునని నా ఊహ. ఓడిపోయి, మరునాడు యథాప్రకారము వలలు కట్టియుండుననియు నా ఊహ.

నియమము పోయినంతనే భయము పోలేదు. కొత్త పోలీసుశాఖవారు తమకొక గేలిక్ జట్టును ఏర్పరచుకొనిరి. దక్షిణపు పోలీసులతో వారు పోటీపడు కప్పునకు ఆ పాత ఇన్‌స్పెక్టరు మెకార్తీ పేరే పెట్టిరి. ఆ జట్టునకు నాయకుడైన కతోలిక అధికారి 2010లో, ఒప్పందమును అంగీకరింపని రిపబ్లికనుల బాంబుచే కాలు పోగొట్టుకొనెను. పోలీసైనది మొదలు పాత ఆటమిత్రులు తనను దూరముంచిరని ఆయన తరువాత బహిరంగముగా చెప్పుకొనెను. బాంబు పెట్టినది వేరెవరో. పలకరింపు మానినది తనవారు. ఏది ఎక్కువ నొప్పించినదో ఆయన మాటలు చదివినవారికి తెలియును.

2011 ఏప్రిల్ 2న ఓమా పట్టణమున ఇరువదియైదేండ్ల పోలీసు రోనన్ కెర్ కారు క్రింది బాంబుచే హతుడైనాడు. అతడు కతోలికుడు, బెరా గ్రామపు రెడ్ నైట్స్ క్లబ్బు సభ్యుడు. శవయాత్రలో క్లబ్బు రంగుల దుస్తులవారును, పోలీసు దుస్తులవారును ఇరువైపుల నిలిచిరి. టిరోన్ జట్టు శిక్షకుడు మిక్కీ హార్ట్ శవపేటికకు భుజము పట్టెను. గేలిక్ సంఘమువారి భుజములనుండి పోలీసుల భుజములకు ఆ పేటిక మారినది. పదేండ్ల క్రితమువరకు ఆ మృతుడు ఆ క్లబ్బున సభ్యుడగుటకే వీలులేదు. తీర్మానములు చదివినవారికంటె ఆ భుజములు మార్చుకొనుటను చూచినవారికి మార్పు బాగుగా అర్థమైయుండును. ఆరు వారములకు ఎలిజబెత్ రాణి క్రోక్ పార్కునకు వచ్చినది. లోకము దానిని చారిత్రకమన్నది. నాకు బెరా పల్లెబాటయే పెద్దది.

తక్కిన పరిణామములు ఎల్లరెరిగినవి. 2003లో టిరోన్, ఆర్మా అను రెండు ఉత్తర కౌంటీలు తుదియాటలో తలపడినవి. 2007లో క్రోక్ పార్కున ఇంగ్లండు రగ్బీజట్టు ముందు బ్రిటిషు రాజగీతమును ప్రేక్షకులు నిశ్శబ్దముగా ఆలకించిరి. 2020లో ప్రొటెస్టెంటు ప్రాబల్యముగల తూర్పు బెల్‌ఫాస్టున ఒక క్లబ్బు వెలసి, ఐరిష్, ఇంగ్లీషు, అల్‌స్టర్ స్కాట్స్ మూడు భాషలలో తన ధ్యేయవాక్యమును వ్రాసికొన్నది. ఐరిష్ భాషను బోధించు ప్రొటెస్టెంటు మహిళ లిండా ఎర్విన్ దానికి అధ్యక్షురాలైనది. ఆ యేడే వారి మైదానమున బాంబులను పోలిన వస్తువులు పెట్టబడినవి. క్లబ్బు మూతపడలేదు. ఆనందించుటకును జాగ్రత్తపడుటకును తగిన కారణములు అచ్చట ప్రక్కప్రక్కనే యున్నవి. కేస్‌మెంట్ పార్కు మాత్రము 2013లో మూతపడి, కొత్త కట్టడమునకై వాదోపవాదముల నడుమ, 2024 నాటికి గడ్డి మొలచిన శిథిలమై నిలిచినది. సైన్యము చేయలేని పనిని కొన్నిసార్లు కమిటీలు చేయును.

2024 జూలై 28న ఆర్మా ఒక్క పాయింటు తేడాతో గాల్వేను ఓడించి శాం మగ్వైర్ కప్పును రెండవసారి ఇంటికి తెచ్చెను. మన మనుష్యునికి అప్పటికి డెబ్బదినాలుగేండ్లు. క్రోక్ పార్కునకు పోయి, గొంతు బొంగురుపోవునట్లు అరచి, సరిహద్దులేని సరిహద్దును కారులో నిద్రపోవుచు దాటి, అర్ధరాత్రి ఊరు చేరియుండును. మరునాటి సాయంకాలము ఆరు గంటలకు ఎనిమిదేండ్లలోపు పిల్లల అభ్యాసము కలదు. రాత్రి వాన కురిసినది. గీతలు మరల గీయవలెను.